సోరియాసిస్ - పొగాకు : ఒక సంబంధము తేలిన విధము

మోచేతిపైనను, మోకాలిపైనను ఎఱ్ఱని మచ్చలు లేచును. వానిపై వెండిరేకుల వంటి తెల్లని పొలుసులు కట్టును. గోకినచో ఆ పొలుసులు పొట్టువలె రాలును. అడుగున సన్నని నెత్తుటి చుక్కలు కానవచ్చును. చూచినవారు ఒక అడుగు వెనుకకు వేయుదురు. అంటురోగమేమో యని కొందఱు, కుష్ఠేమో యని కొందఱు గుసగుసలాడుదురు. రోగి చొక్కా చేతులను మణికట్టు వఱకు దించుకొని, నలుగురిలో కలియక ఒక మూల కూర్చుండును.

ఈ రోగము పేరు సోరియాసిస్. ఇది అంటురోగము కాదు, కుష్ఠును కాదు. ప్రపంచములో కనీసము 10 కోట్ల మంది ఈ రోగముతో జీవించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించినది. ఒకసారి వచ్చిన పిమ్మట ఇది తగ్గుచు, మరల హెచ్చుచు, ఏండ్ల తరబడి నిలిచియుండును.

ఇట్టి దీర్ఘరోగమునకును, వ్రేళ్ళ నడుమ కాలుచున్న సిగరెట్టునకును సంబంధ మేమైన నున్నదా? పొగ పోవునది ఊపిరితిత్తులలోనికి. మచ్చ లేచునది మోకాలిపైన. ఈ రెంటికి నడుమ దారి యెక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము ఒక్క దినములో దొరకలేదు. ముందుగా రోగమును ఇతర రోగములనుండి వేఱుచేసి గుర్తింపవలసి వచ్చెను. పిమ్మట దాని స్వభావమును తెలిసికొనవలసి వచ్చెను. తుదకు, ఒక అలవాటు ఒక రోగమునకు కారణమా కాదా యని తేల్చు లెక్కల పద్ధతి పుట్టవలసి వచ్చెను. ఈ మూడును కలిసిన తరువాతనే సమాధానము తేలినది.

పేరులోని పొరపాటు

ప్రాచీన గ్రీకు వైద్యులు దురదతో కూడిన చర్మరోగములను "సోరా" అనియు, పొలుసులు రాలు రోగములను "లెప్రా" అనియు పిలిచెడివారు. కాలక్రమమున "లెప్రా" అను మాట కుష్ఠురోగమునకు పేరై నిలిచినది. పొలుసుల రోగమును, కుష్ఠును ఒకే మాట క్రిందికి వచ్చుటచే, మధ్యయుగమున ఐరోపాలో కుష్ఠురోగులని వెలివేయబడినవారిలో కొందఱు నిజమునకు సోరియాసిస్ రోగులే యై యుందురని చరిత్రకారులు భావించుచున్నారు.

ఈ చిక్కును విప్పుటకు మొదట పూనుకొన్నవాడు రాబర్ట్ విల్లన్ అను ఆంగ్ల వైద్యుడు. అతడు లండనులో పేదలకు మందులిచ్చు ఒక ధర్మవైద్యశాలలో పనిచేసెను. అక్కడకు వచ్చు రోగుల చర్మమును శ్రద్ధగా పరిశీలించి, పొక్కు, బొబ్బ, పొలుసు, మచ్చ అను బాహ్యలక్షణములను బట్టి చర్మరోగములను వర్గములుగా విభజించెను. 1798 మొదలు 1808 వఱకు భాగములుగా వెలువడిన అతని గ్రంథములో సోరియాసిస్ లక్షణములు స్పష్టముగా వర్ణింపబడినవి. అయితే, అదే రోగములోని ఒక రూపమునకు అతడు "లెప్రా" అను పాతపేరును ఉంచుటచే చిక్కు పూర్తిగా విడిపోలేదు. 1841లో వియన్నా నగర వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా ఆ రెండు రూపములును ఒకే రోగమనియు, అది కుష్ఠు కాదనియు నిర్ధారించెను. 1873లో నార్వే దేశస్థుడు హాన్సెన్ కుష్ఠును కలిగించు సూక్ష్మజీవిని కనుగొనుటతో ఆ భేదము మఱింత స్థిరపడెను. ఆ కుష్ఠు సైతము నేడు మందులతో పూర్తిగా నయమగుచున్నది. కావున ఆ రోగిని దూరముగా నుంచుటకును నేడు కారణము లేదు.

పేరు మార్చిన మాత్రమున రోగికి కలిగిన మేలేమి యని అడుగవచ్చును. రెండు రోగములను ఒకే పేరుతో లెక్కించునంత కాలము, వానిలో దేని కారణమును తెలియదు. వడ్లను, రాళ్ళను ఒకే కుంచముతో కొలిచి, పంట ఇంత యని చెప్పినట్లగును.

గుఱ్ఱపు కాటు నేర్పిన పాఠము

రోగము వేఱైనదని తెలిసిన పిమ్మట, అది ఎట్లు వచ్చునను ప్రశ్న బయలుదేరెను. 1872లో బ్రెస్లౌ నగరమున హైన్‌రిక్ కోబ్నర్ అను జర్మన్ వైద్యుడు ఒక విచిత్రమైన రోగిని గూర్చి తోడి వైద్యులకు వివరించెను. ఆ రోగికి చర్మము గీచుకొనిపోయిన చోట సోరియాసిస్ మచ్చ లేచెను. గుఱ్ఱము కఱచిన చోటను లేచెను. పచ్చబొట్టు పొడిపించుకొనగా, ఆ గీతల వెంటనే లేచెను! గుఱ్ఱపు కాటు అందఱికిని తగులవచ్చును. కాని అందఱికిని సోరియాసిస్ రాదు. అనగా రోగమునకు రెండు కావలెను: లోపల సిద్ధముగా నున్న స్వభావ మొకటి, వెలుపలినుండి దానిని రేపు ప్రేరణ మొకటి.

ఆ లోపలి స్వభావము కొంతవఱకు వంశపారంపర్యముగా వచ్చునని తరువాతి పరిశోధనలు చూపినవి. మన కణములలోని ఆఱవ క్రోమోసోముపై నున్న ఒక జన్యువు యొక్క ప్రత్యేకరూపము ఈ రోగులలో తఱచుగా కనబడును. వెలుపలి ప్రేరణలలో గాయము, గొంతునొప్పి కలిగించు సూక్ష్మజీవులు, కొన్ని మందులు, మనోవ్యథ మొదలగునవి గుర్తింపబడినవి. పొగ కూడ ఈ జాబితాలో చేరునా? దానిని తేల్చుటకు ముందు చర్మములో జరుగునదేమో తెలియవలసియుండెను.

చర్మమునకు తొందర యేల?

మన చర్మపు పైపొర నిత్యమును క్రొత్తదగుచుండును. అడుగున పుట్టిన కణములు మెల్లగా పైకి జరిగి, ఎండి, కంటికి కనబడని పొట్టుగా రాలిపోవును. ఆరోగ్యవంతునిలో ఈ ప్రయాణమునకు సుమారు నాలుగు వారములు పట్టును. సోరియాసిస్ మచ్చలో ఇది కొలది దినములలోనే ముగియును. పక్వము కాని కణములు ఒకదానిపై నొకటి పేరుకొని పొలుసులుగా కనబడును.

ఈ తొందరను అణచు మందు వైద్యులకు అనుకొనని విధముగా చేతికి వచ్చెను. ఆ కథలో ఒక తెలుగువాని పాత్ర ముఖ్యమైనది. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున పరిశోధనలకు అధిపతిగా నుండిరి. వారి నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి, ఆ పిమ్మట దాని పనికి అడ్డుతగులు అమినాప్టెరిన్ అను ద్రవ్యమును కూడ సిద్ధపఱచెను. కణము విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని అడ్డగించినచో విభజన మందగించును. 1948లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఆ మందు పిల్లల రక్తపు కేన్సరును కొంతకాలము అణచగలదని చూపెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి.

1951లో అమెరికా వైద్యులు కొందఱు అమినాప్టెరిన్‌ను కీళ్ళవాతపు రోగుల కిచ్చి పరీక్షించుచు, ఆ మందుతో సోరియాసిస్ మచ్చలు తగ్గిపోవుటను గమనించిరి. దానికి సోదరి వంటిదైన మెథోట్రెక్సేట్ 1958 నుండి ఈ రోగమునకు వాడుకలోనికి వచ్చెను, నేటికిని వాడబడుచున్నది. అప్పటికి అందఱును ఇది చర్మకణముల రోగమే యని తలచిరి. 1979లో మఱియొక సంగతి బయటపడెను. ఒకరి మూత్రపిండమును మఱియొకరికి అమర్చినపుడు, శరీరము దానిని త్రోసివేయకుండుటకు వాడు సైక్లోస్పోరిన్ అను మందు సోరియాసిస్‌ను కూడ తగ్గించునని తెలిసెను. ఆ మందు ముఖ్యముగా శరీరరక్షణకు కాపలాకాయు తెల్లరక్తకణములపై పనిచేయును. దీనిని బట్టి ఒక క్రొత్త అభిప్రాయము బలపడెను. చర్మము తనంత తాను తొందరపడుట లేదు. దారితప్పిన రక్షకకణములు దానిని తొందరపెట్టుచున్నవి.

రక్షకకణములు రక్తములో తిరుగును. పొగలోని పదార్థములును రక్తములోనికే చేరును. ఊపిరితిత్తులనుండి మోకాలికి దారి ఈ విధముగా తెఱచుకొనెను. కాని దారి యున్నదన్న మాత్రమున ఎవరైన నడచినారని రుజువు కాదుగదా! రుజువునకు లెక్కలు కావలెను.

లెక్కల పద్ధతి

పొగాకునకును, ఒక రోగమునకును గల సంబంధమును లెక్కలతో తేల్చు విద్య ఊపిరితిత్తుల కేన్సరు విషయమున అభివృద్ధి చెందినది. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఇద్దఱు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు లండను ఆసుపత్రులలోని కేన్సరు రోగులను, ఇతర రోగులను వారి అలవాట్లను గూర్చి ప్రశ్నించి, కేన్సరు రోగులలో పొగ త్రాగువారు హెచ్చుగా నున్నారని ప్రకటించిరి.

దీనికి సుప్రసిద్ధ గణాంకశాస్త్రజ్ఞుడు రోనాల్డ్ ఫిషర్ 1957లోను, ఆ తరువాతను గట్టి ఆక్షేపణలు తెలిపెను. రెండు విషయములు కలిసి కనబడినంతలో మొదటిది రెండవదానికి కారణమనరాదు. రెండవదే మొదటిదానికి కారణము కావచ్చును. లేక, ఆ రెంటికిని మూలమైన మూడవది వేఱొకటి యుండవచ్చును. కేన్సరు విషయమున ఫిషర్ పొరబడెను. కాని ఆయన వేసిన ప్రశ్నలు మాత్రము ప్రతి పరిశోధకుడును తన్ను తాను వేసికొనవలసినవే.

డాల్, హిల్ దీనికి ఒక ఉపాయమును 1951లోనే ఆరంభించియుండిరి. రోగులను వెదకి అలవాట్లను అడుగుటకు మాఱుగా, అలవాట్లను ముందే వ్రాసికొని రోగము కొఱకు కాచుకొనుట ఆ ఉపాయము. బ్రిటన్‌లోని వైద్యులకు ప్రశ్నాపత్రములు పంపగా సుమారు 40 వేల మంది బదులిచ్చిరి. తరువాత ఎవరు ఏ రోగముతో మరణించిరో ఏండ్ల తరబడి నమోదుచేసిరి. ముందు వ్రాసినది అలవాటు. తరువాత వచ్చినది రోగము. ఇక వరుస తాఱుమాఱగుటకు వీలులేదు.

ముందు ఏది?

సోరియాసిస్ విషయమున ఫిషర్ ప్రశ్న మఱింత పదునైనది. ఊపిరితిత్తుల కేన్సరు లోపల దాగియుండును. సోరియాసిస్ అట్లు కాదు. అది నలుగురికిని కనబడును. అవమానముతో, ఒంటరితనముతో క్రుంగినవాడు ఓదార్పు కొఱకు సిగరెట్టు ముట్టించుట వింత కాదు. అట్లయినచో పొగ రోగమును తెచ్చినదా, రోగము పొగను తెచ్చినదా?

1985లో బ్రిటిష్ వైద్యపత్రికలో ఒక పరిశోధన వెలువడెను. అరచేతులలోను, అరికాళ్ళలోను చీముపొక్కులు లేచు ఒక దీర్ఘరోగము కలదు. సోరియాసిస్‌కు దగ్గఱ చుట్టమని చాలకాలము తలంపబడిన ఆ రోగముగలవారిలో అత్యధికులు రోగము మొదలగునాటికే పొగ త్రాగువారని ఆ పరిశోధన తెలిపెను. 1999లో ఇటలీ శాస్త్రజ్ఞులు సోరియాసిస్ తొలిదశలో నున్న రోగులనే ఎంచుకొని, ఇతర రోగులతో పోల్చి, పొగకు సంబంధమున్నదని చూపిరి. ఏండ్ల తరబడి రోగముతో విసిగినవారు గాక క్రొత్తరోగులే కావుటచే, దుఃఖముచే పొగ మరగిరను వాదము కొంత సడలెను. అయినను అడిగినది రోగము వచ్చిన తరువాతనే గదా!

అసలు సమాధానము అమెరికా నర్సులనుండి వచ్చెను. 1989లో లక్షకు పైగా నర్సులు ఒక దీర్ఘకాల పరిశోధనలో చేరిరి. వారికి రెండేండ్ల కొకమాఱు ప్రశ్నాపత్రములు పంపి, పొగ త్రాగుట మొదలగు అలవాట్లను వ్రాసికొనుచు వచ్చిరి. 2005లో వారిని, "వైద్యుడు మీకు సోరియాసిస్ అని నిర్ధారించెనా? ఏ సంవత్సరములో?" అని అడిగిరి. ఆరతి సెట్టి, ఆమె సహచరులు ఇద్దఱును కలిసి 78,532 మంది స్త్రీల సమాచారమును పరిశీలించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. 14 ఏండ్లలో 887 మందికి క్రొత్తగా సోరియాసిస్ వచ్చెను. ఎన్నడును పొగ త్రాగనివారితో పోల్చినచో, త్రాగుచున్నవారికి ఈ రోగము వచ్చు అవకాశము 1.78 రెట్లు. మానివేసినవారికి 1.37 రెట్లు.

అవకాశము మోతాదును బట్టియు పెరిగినది. దినమునకు 20 సిగరెట్లు గల పెట్టె ఒకటి చొప్పున ఒక ఏడు త్రాగుటను ఒక "పెట్టె-సంవత్సరము" అందురు. అనగా 7,300 సిగరెట్లు. 11 నుండి 20 పెట్టె-సంవత్సరములు త్రాగినవారికి అవకాశము 1.60 రెట్లు, 21 లేక అంతకు మించి త్రాగినవారికి 2.05 రెట్లు. మానినవారిలో కాలము గడచినకొలది అవకాశము తగ్గెను. మాని పదేండ్లు కానివారికి 1.61 రెట్లుండగా, ఇరువదేండ్లు దాటినవారికి 1.15 రెట్లకు దిగెను. అనగా ఎన్నడును త్రాగనివారికి దాదాపు సమానమైనది.

ఇక ఫిషర్ చెప్పిన మూడవ కారణము మిగిలినది. పొగ త్రాగువారిలో మద్యము సేవించువారును హెచ్చుగా నుండవచ్చును. శరీరపు బరువును భేదింపవచ్చును. పరిశోధకులు వయస్సు, మద్యము, బరువు మొదలగువాని ప్రభావమును లెక్కలో తీసివేసిన తరువాత నిలిచిన సంఖ్యలే పైవి. 2012లో ఇట్టి మూడు పరిశోధనలను కలిపి, పురుషులను కూడ చేర్చి, 1,85,836 మందిని లెక్కించగా, పొగ త్రాగుచున్నవారికి అవకాశము దాదాపు రెండింతలని మరల తేలెను.

పొగ చేరు దారి

1828లో హైడెల్‌బర్గ్ నగరమున పోసెల్ట్, రైమన్ అను ఇద్దఱు పొగాకునుండి నికోటిన్‌ను వేఱుచేసిరి. అది నాడులపై పనిచేయునని మొదట తెలిసెను. తాళపుచెవికి తాళమువలె, నికోటిన్ పట్టుకొనుటకు తగిన గ్రాహకములు నాడులపైననే గాక చర్మకణములపైనను, రక్షకకణములపైనను కలవని తరువాత తెలియవచ్చెను. పొగలో నికోటిన్ ఒక్కటే కాదు, కణములకు హాని చేయు ఆక్సీకరణ పదార్థములు అసంఖ్యాకములుగ నుండును. ఇవి శరీరములో వాపును రేపు సంకేతద్రవ్యములను హెచ్చించును. సోరియాసిస్‌లో ఇంటర్‌ల్యూకిన్-17 అను సంకేతద్రవ్యము ప్రధానమైనది. 2015 నుండి దానిని అడ్డగించు మందులు రోగులకు గొప్ప మేలు చేయుచున్నవి. పొగ త్రాగువారిలో ఆ ద్రవ్యమును పుట్టించు కణములు హెచ్చుగా నుండునని కొన్ని పరిశోధనలు తెలిపినవి. కోబ్నర్ రోగికి గుఱ్ఱపు కాటు చేసిన పనినే, పొగ లోపలినుండి నెమ్మదిగా చేయుచున్నదని దీనిని అర్థము చేసికొనవచ్చును.

లెక్క చెప్పునది, చెప్పనిది

ఈ సంఖ్యలను పాఠశాలలో వివరించు ఉపాధ్యాయుడు ఒక జాగ్రత్త వహింపవలెను. "1.78 రెట్లు" అనగా పొగ త్రాగు ప్రతివానికిని రోగము వచ్చునని కాదు. పొగ త్రాగని వేయిమందిలో 10 మందికి రోగము వచ్చినదనుకొందము. అట్టివారే పొగ త్రాగు వేయిమందియున్నచో, సుమారు 18 మందికి వచ్చును. తక్కిన 982 మందికి రాదు. అట్లే సోరియాసిస్ ఉన్నవాడెల్ల పొగ త్రాగి తెచ్చుకొన్నవాడనుటయు తప్పే. ఎన్నడును పొగ ముట్టని పిల్లలకును ఈ రోగము వచ్చుచున్నది. పొగాకు అమెరికానుండి ఐరోపాకు రాకముందే, రెండువేల ఏండ్ల నాటి రోము రచయిత సెల్సస్ దీనిని పోలిన రోగమును వర్ణించెను.

మఱియొక జాగ్రత్త కలదు. ఆ నర్సులలో అధికులు శ్వేతజాతివారు. వారు త్రాగినది సిగరెట్టు. మన యూళ్ళలోని చుట్టకును, బీడీకిని ఆ సంఖ్యలను యథాతథముగా వర్తింపజేయరాదు. అయితే చుట్టలో కాలునదియు పొగాకే. దాని పొగలో నున్నదియు నికోటినే. దానివలన భయము లేదని ఈ లెక్కలు చెప్పుట లేదు.

పొగ మానినంతనే మచ్చలు మాయమగునని రోగికి ఆశపెట్టుటయు సరికాదు. అతనికి వైద్యుని చికిత్స కావలెను. కాని రానివానికి వచ్చు అవకాశము ఏటేట తగ్గుచున్నదని నర్సుల లెక్క చెప్పుచున్నది. అదే పరిశోధనలో, బాల్యమున ఇంటిలో ఇతరులు వదలిన పొగను పీల్చినవారికిని ఈ రోగము వచ్చు అవకాశము కొంత హెచ్చని కనబడినది. తండ్రి వాకిట కూర్చుండి చుట్ట కాల్చుచుండగా ప్రక్కనే పాఠము చదువుకొను బాలునికి ఈ సంగతి తెలియుట మంచిది. తండ్రికి తెలియుట అంతకంటె మంచిది.

ఒకనాడు సోరియాసిస్ రోగిని కుష్ఠురోగి యని వెలివేసిరి. అది అజ్ఞానము. నేడు అతనిని చూచి "పొగ త్రాగితివి, అనుభవించుచున్నావు" అని నిందించినచో అదియు అజ్ఞానమే యగును. ఏలననగా లెక్క ఒక గుంపును గూర్చి చెప్పును గాని, ఎదుట నిలిచిన మనుష్యుని గూర్చి తీర్పు చెప్పదు. విల్లన్ మొదలు నర్సుల వఱకు సాగిన ఈ కృషివలన లభించిన ఫలము రెండు మాటలు. పొగ త్రాగువానితో: మానుము, మానుటకు ఎన్నడును ఆలస్యము కాలేదు. చొక్కా చేతులు దించుకొని మూల కూర్చున్నవానితో: ఇటు రమ్ము, మాతో కూర్చుండుము.